ఎత్తు ఎక్కేటప్పుడే 23: బ్యాటరీ బగ్గీ ఎర్రర్ కోడ్‌లతో నా అనుభవం

భీమిలి బీచ్ రోడ్డు మీద ఒక రిసార్టులో మెయింటెనెన్స్ చూస్తాను. ఏసీలు, నీళ్ల మోటార్లు, జనరేటరుతో పాటు అతిథులను గేటు నుంచి కాటేజీల దాకా తిప్పే బ్యాటరీ బగ్గీలు కూడా నా లెక్కలోవే. అన్నీ 48 వోల్టుల బండ్లు. సీటు కింద 8 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఆరు, వెనక ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) మోటారు, దాన్ని నడిపే కర్టిస్ కంపెనీ కంట్రోలరు. స్టీరింగు పక్కన చిన్న తెర. బండి బాగున్నంతసేపు అందులో ఛార్జింగు గీతలు, తిరిగిన గంటలు కనిపిస్తాయి. తేడా వస్తే రెండంకెల నంబరు ఒకటి వచ్చి కూర్చుంటుంది. అది కనిపించగానే డ్రైవర్లు ఫోన్ చేసేది నాకే.

తెర పనిచేయకపోయినా కోడ్ తెలుసుకోవచ్చు. సీటు ఎత్తితే కంట్రోలరు మీద ఒక లైటు ఉంటుంది. అంతా సవ్యంగా ఉంటే పసుపు ఒక్కటే మెరుస్తూ ఉంటుంది. తప్పు ఉంటే ఎరుపు కూడా కలుస్తుంది. ఎరుపు ఒకసారి వెలిగిందంటే మొదటి అంకె రాబోతోందని. ఆ తర్వాత పసుపు ఎన్నిసార్లు మెరిస్తే అదే ఆ అంకె. ఎరుపు రెండుసార్లు వెలిగితే రెండో అంకె మొదలైనట్టు. ఎండలో ఇది కనపడి చావదు, చెయ్యి అడ్డం పెట్టుకుని లెక్కపెట్టాలి. ఫోన్‌లో వీడియో తీసుకుని నీడలోకి వెళ్లి చూసుకోవడం హాయి.

నంబరు దొరికాక అసలు చిక్కు మొదలవుతుంది. అర్థాల పట్టిక ఎక్కడిది తీసుకుంటున్నాం? మొదట్లో మా షెడ్డు గోడ మీద ఎవరో అంటించిన ప్రింటు ఒకటి ఉండేది. అందులో 41 అంటే బ్యాటరీ వోల్టేజీ తక్కువ అని ఉంది. పాత డీసీ మోటారు బండ్లకు వచ్చిన కొన్ని కర్టిస్ కంట్రోలర్లలో అది నిజమే. మా బండ్లలోని ఏసీ కంట్రోలర్ల పుస్తకంలో 41 అంటే యాక్సిలరేటరు నుంచి వచ్చే సిగ్నల్ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉందని. కంపెనీ ఒకటే, నంబరు ఒకటే, అర్థాలకు మాత్రం సంబంధమే లేదు. ఆ ప్రింటు నమ్మితే యాక్సిలరేటరు వైరు తెగిన బండికి బ్యాటరీలు మార్చి కూర్చుంటాం. కంట్రోలరు మీద అంటించిన మోడల్ నంబరు చూసి, ఆ మోడల్ మాన్యువల్‌లోని పట్టికే ప్రింటు తీసి అతికించాను. పాతది చింపేశాను.

మాకు ఎక్కువగా కనిపించేది 47. అది చూసి కంగారు పడనక్కర్లేదు. తాళం తిప్పేటప్పటికే యాక్సిలరేటరు నొక్కి ఉందనో, ముందుకు-వెనక్కు స్విచ్చు వేసే వరస తప్పిందనో దాని అర్థం. కాలు పెడల్ మీద ఉండగా తాళం తిప్పితే బండి ఒక్కసారిగా దూకకుండా కంట్రోలరే ఆపేస్తుంది. కాలు తీసి, స్విచ్చు న్యూట్రల్‌లో పెట్టి, తాళం ఆపి మళ్లీ వేస్తే పోతుంది. డ్రైవర్లకు ఇది చెప్పాక ఫోన్లు సగం తగ్గాయి. మిగతా సగం ఇసుక వల్ల. బీచ్ నుంచి ఎక్కినవాళ్ల కాళ్లకు అంటుకున్న ఇసుకంతా ముందు సీటు దగ్గరే రాలుతుంది. పెడల్ కీలు దగ్గర అది పేరుకుంటే పెడల్ పూర్తిగా పైకి రాదు. చూడటానికి వచ్చినట్టే ఉంటుంది, లోపలి మైక్రోస్విచ్చు మాత్రం ఇంకా నొక్కే ఉంటుంది. దానికి మందు బ్రష్షు, గాలి. కొన్ని బండ్లలో రబ్బరు మ్యాటు ముందుకు జరిగి పెడల్ కింద ఇరుక్కోవడం కూడా చూశాను.

రెండోది 36. మోటారు ఎంత వేగంగా, ఎటువైపు తిరుగుతోందో చెప్పే సెన్సరు, అంటే ఎన్‌కోడరు, దాని సిగ్నల్ తేడాగా ఉందని. దీని వెంటే ఒక్కోసారి 93 కూడా వస్తుంది. అప్పుడు బండి ఆగిపోదు, చాలా నెమ్మదిగా పాకుతుంది. షెడ్డు దాకా తోసుకురాకుండా కంట్రోలరు మిగిల్చే దారి అది. మా దగ్గర ఈ కోడ్ ఎప్పుడూ సోమవారం ఉదయమే వస్తుండేది. ఆదివారం రాత్రి అతిథులు ఖాళీ చేశాక కుర్రాళ్లు బండ్లు కడుగుతారు. పైన కడిగితే ఫరవాలేదు, ప్రెషర్ పైపు పెట్టి కింద మోటారు మీద కూడా కొట్టేస్తున్నారు. ఎన్‌కోడరుకు వెళ్లేవి సన్నటి నాలుగు వైర్లు: 5 వోల్టులు, గ్రౌండు, రెండు సిగ్నళ్లు. ఆ కనెక్టరులోకి నీళ్లు వెళితే సిగ్నల్ ఏదో ఒకటి ఆగుతుంది. కనెక్టరు ఊడదీసి చూస్తే పిన్నుల మీద పచ్చటి చిలుం. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరబెట్టి, నీరు చొరకుండా ఉండే గ్రీజు కొంచెం పూసి తగిలిస్తే 36 పోయింది. సర్వీసుకు వచ్చిన వాళ్లు ఎన్‌కోడరు బేరింగే మార్చాలన్నారు. పిన్నులు తుడవకముందు ఆ మాట నేను ఒప్పుకోను. తర్వాత 36 మళ్లీ రాలేదు, బేరింగూ మార్చలేదు.

ఇక 23.

ఇది రాయడానికే మిగతాదంతా మొదలెట్టాను. పుస్తకం ప్రకారం 23 అంటే కంట్రోలరు లోపలి కెపాసిటర్ల (కరెంటును కాసేపు నిలవ ఉంచే భాగాలు) దగ్గర వోల్టేజీ పెట్టిన హద్దు కంటే కిందకు దిగింది కాబట్టి మోటారుకు ఇచ్చే బలం తగ్గిస్తున్నానని. ఇంకా దిగితే 17 వస్తుంది. అప్పుడు బలం తగ్గించడం ఉండదు, మోటారును పూర్తిగా వదిలేస్తుంది.

మా రెండో బండికి ఈ జబ్బు వచ్చింది. మైదానంలో చక్కగా పోతుంది. గుట్ట మీది కాటేజీలకు వెళ్లే సిమెంటు రోడ్డు ఎక్కేటప్పుడు మాత్రం సగం దూరంలో నీరసపడి 23 చూపిస్తుంది. డ్రైవరు మాటల్లో చెప్పాలంటే, "ఖాళీగా ఎల్తే ఎక్కేత్తాది సార్, నలుగురు కూకున్నారంటే మజ్జిలో ఏలాడిపోతాది." ఒక సాయంత్రం పెద్దవాళ్లను తీసుకెళ్తుండగా 17 వచ్చి ఏకంగా ఆగింది. వాళ్లు దిగి నడవాల్సి వచ్చింది. ఆ రాత్రే మేనేజరు గారి దగ్గర నుంచి ఫోను.

అమ్మిన డీలరు తరఫు టెక్నీషియన్ వచ్చి, మల్టీమీటరు పెట్టి, తెర చూసి, ఆరు బ్యాటరీలూ మార్చాలని రాసిచ్చి వెళ్లాడు. ఖర్చు లక్ష దాటుతుంది. కోడ్ తక్కువ వోల్టేజీ అంటోంది, వోల్టేజీ ఇచ్చేవి బ్యాటరీలు, కాబట్టి బ్యాటరీలు పోయాయి అన్నది అతని లెక్క. వినడానికి బాగానే ఉంది. కానీ బ్యాటరీల నుంచి కంట్రోలరు దాకా మధ్యలో బోలెడు వైర్లు, లగ్గులు (వైరు చివర ఉండే లోహపు రింగులు), నట్లు, ఒక కాంటాక్టరు (పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్చు), ఒక ఫ్యూజు ఉన్నాయి. కరెంటు వాటన్నిటి గుండా రావాలి. వాటిలో ఎక్కడ వోల్టేజీ పోయినా కంట్రోలరుకు కనిపించేది ఒకటే, అది చూపించేదీ 23 ఒక్కటే. పైగా సముద్రపు గాలి రాగిని ఎలా తినేస్తుందో ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు బాగుచేసే ఎవరినడిగినా చెబుతారు.

సంతకం పెట్టేముందు రెండు రోజులు గడువిమ్మని మేనేజరు గారిని అడిగాను.

రాత్రంతా ఛార్జింగు పెట్టి, ప్లగ్గు తీశాక కొన్ని గంటలు వదిలేసి కొలిచాను. మొత్తం 50.6 వోల్టులు. ఇది మంచి రీడింగే. విడివిడిగా చూస్తే ఐదు బ్యాటరీలు 8.45 చుట్టూ ఉన్నాయి, వరసలో నాలుగోది 8.36. పదో వంతు వోల్టు కూడా తేడా లేదు. ఇక్కడే చాలామంది మీటరు మూసేస్తారు. బరువు పడనప్పుడు, అంటే మోటారు కరెంటు లాగనప్పుడు, తీసిన వోల్టేజీ వల్ల బ్యాటరీలో ఎంత ఛార్జింగు ఉందో కొంత తెలుస్తుంది తప్ప అది ఎంత కరెంటు ఇవ్వగలదో తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడే వచ్చే జబ్బును ఎత్తు ఎక్కేటప్పుడే కొలవాలి.

ఎలా కొలవాలన్నది వేరే తలనొప్పి. బ్యాటరీలు సీటు కింద ఉన్నాయి, సీటు మీద మనిషి కూర్చోవాలి. బ్రేకు గట్టిగా తొక్కి యాక్సిలరేటరు నొక్కితే చాలు, కరెంటు లాగుతుంది అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. మోటారును కదలనివ్వకుండా అలా కాల్చడం నాకు ఇష్టం లేదు. అందుకే టెర్మినళ్లకు మొసలి నోరులాంటి క్లిప్పులు పెట్టి పొడవాటి సన్న వైర్లు బయటికి లాగాను. ప్రతి వైరుకూ క్లిప్పు దగ్గరే 1 ఆంపియరు ఫ్యూజు వేశాను. సీటు కింద ఆ వైరు నలిగి ఇనుముకు తగిలితే ఫ్యూజు లేకపోతే సిగరెట్టు ముట్టించినట్టు అంటుకుంటుంది.

ఇక్కడ ఒక మాట. 48 వోల్టులే కదా, షాకు కొట్టదులే అని ధీమాగా ఉంటారు. షాకు సంగతి అటుంచండి, స్పానరు రెండు టెర్మినళ్ల మధ్య పడితే వందల ఆంపియర్లు పారి స్పానరు అక్కడే అతుక్కుపోతుంది. ఉంగరం, వాచీ, మెడలో గొలుసు తీసేయాలి. స్పానరు పిడికి టేపు చుట్టాలి. పని మొదలెట్టే ముందు టో-రన్ స్విచ్చును టో (బండిని తోసుకెళ్లేటప్పుడు పెట్టేది) వైపు వేయాలి, చక్రాలకు ఆపు పెట్టాలి. ఛార్జింగు అయిన వెంటనే మూత తీసి మొహం పెట్టకూడదు, హైడ్రోజన్ వాయువు ఉంటుంది. బ్యాటరీ వైరు తీసేశాక కూడా కంట్రోలరు లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. దాని రెండు పెద్ద టెర్మినళ్ల మధ్య ఒక రెసిస్టరు గానీ, కాంటాక్టరు కాయిల్ గానీ కాసేపు తగిలించి ఖాళీ చేశాకే చేతులు పెట్టాలి.

కరెంటు కొలవడానికి నా క్లాంప్ మీటరు పనికిరాలేదు. అది ఏసీ కరెంటు మాత్రమే చదివే రకం, బ్యాటరీ వైరుకు తగిలిస్తే సున్నా చూపిస్తుంది. మన దగ్గర ఇళ్ల వైరింగు చేసే ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండేవి చాలావరకు అవే. డీసీ చదివే క్లాంపు సోలార్ ప్యానెళ్లు బిగించేవాళ్ల దగ్గర దొరుకుతుంది. మా డాబా మీద సోలార్ పెట్టిన తమ్ముడొకడిని అడిగి తెచ్చుకున్నాను.

నలుగురు సెక్యూరిటీ వాళ్లను కూర్చోబెట్టి, డ్రైవరు నడుపుతుంటే నేను పక్కన మీటరు పట్టుకుని గుట్ట ఎక్కాం. కరెంటు 160 ఆంపియర్ల దగ్గర నిలబడింది. కంట్రోలరు టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ 41 చిల్లరకు దిగింది, తెర మీద 23 వచ్చింది. ఈ హద్దును బండి తయారుచేసినవాళ్లు కంట్రోలరులో సెట్ చేస్తారు. రీడింగుల ప్రకారం మా బండిలో అది 42 దగ్గర ఉన్నట్టు తేలింది. నిలబడి ఉన్నప్పుడు 50.6, ఎక్కుతున్నప్పుడు 41. మధ్యలో పోయిన 9 వోల్టులు ఎక్కడెక్కడ పోయాయో తేలితే పని అయిపోయినట్టే.

మళ్లీ మళ్లీ ఎక్కి, ఒక్కో బ్యాటరీకి క్లిప్పులు మారుస్తూ రాసుకున్నాను. ఐదు బ్యాటరీలు బరువు మీద 7.6 దగ్గర నిలిచాయి. ఆ వయసు బ్యాటరీలకు అది మంచి లెక్కే. నాలుగోది 5.4కి పడిపోయింది. అంటే ఆరింటినీ కలిపితే 43.4 రావాలి. కంట్రోలరు దగ్గర 41.3 ఉంది. ఇంకా 2 వోల్టులు దారిలో పోతున్నాయి. వైర్ల పొడవుకు, కాంటాక్టరుకు కలిపి కొంత పోవడం మామూలే, ఇంత పోకూడదు.

దారిలో పోయేదాన్ని పట్టుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. మీటరు ఒక మొన బ్యాటరీ సీసపు పోస్టు (టెర్మినల్) మీద, రెండో మొన అదే పోస్టుకు బిగించిన వైరు లగ్గు మీద పెట్టాలి. అంటే ఒకే జాయింటుకు అటూ ఇటూ. జాయింటు బాగుంటే బరువు మీద కూడా మీటరులో ఏమీ లేనట్టే ఉంటుంది, కొన్ని మిల్లీవోల్టులు. ఐదో బ్యాటరీ నెగటివ్ దగ్గర 1.4 వోల్టులు చూపించింది. 160 ఆంపియర్ల దగ్గర 1.4 వోల్టులంటే 224 వాట్లు. ఎత్తు ఎక్కినంతసేపు అంత శక్తీ ఒక్క నట్టు కింద వేడిగా పోతోందన్నమాట. దగ్గరగా చూస్తే పోస్టు చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంది. నట్టు వదులుగా లేదు, గట్టిగానే ఉంది. అందుకే ఎవరూ అనుమానించలేదు. విప్పితే లగ్గు అడుగున తెల్లటి, పచ్చటి పొర. పైకి మెరుస్తూనే ఉంది, కింద ఆనాల్సిన చోట ఉప్పు గాలి, యాసిడ్ ఆవిరి కలిసి తినేశాయి.

వంటసోడా నీళ్లతో కడిగి (బ్యాటరీ మూతలు బిగించి ఉండాలి, ఆ నీళ్లు లోపలికి పోతే యాసిడ్ పాడవుతుంది), ఆరాక గరుకు కాగితంతో రెండు వైపులా మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన వ్యాసలీన్ పూశాను. ముందు పూసి తర్వాత బిగించేవాళ్లున్నారు, అది నాకు నచ్చదు. లోహం లోహాన్ని నేరుగా తాకాలి. పనిలో పనిగా మిగతా జాయింట్లన్నీ అలాగే చేశాను.

మర్నాడు ఉదయం బండి నలుగురితో గుట్ట ఎక్కింది, 23 రాలేదు. కంట్రోలరు దగ్గర 42.7. మేనేజరు గారు సంతోషపడ్డారు. నేను పడలేదు. హద్దుకు ముక్కాలు వోల్టు పైన ఉంది, అంతే. అనుకున్నట్టే సాయంత్రం ఛార్జింగు తగ్గేసరికి మళ్లీ 23.

మిగిలింది నాలుగో బ్యాటరీ. హైడ్రోమీటరు పెట్టాను. మిగతా బ్యాటరీల సెల్లులన్నిటిలో యాసిడ్ సాంద్రత 1.265కు అటూ ఇటూ ఉంది. ఈ బ్యాటరీలోని నాలుగు సెల్లుల్లో మూడు కూడా అంతే. ఒక్కటి 1.180. అదే ఆ బ్యాటరీని ముంచుతున్న సెల్లు. అది ఎందుకు పోయిందో కూడా చూడగానే తెలిసింది: ఆ బ్యాటరీ మూల మీద ఛాసిస్ పట్టీ అడ్డుగా ఉండటంతో నీళ్లు పోసే కుర్రాడికి ఆ మూత తేలిగ్గా అందదు. ప్లేట్లు కొంతకాలం గాలికి తేలి ఉన్న జాడ కనిపిస్తోంది. డిస్టిల్డ్ వాటర్ పోసి, నెమ్మదిగా ఎక్కువసేపు ఛార్జింగు పెట్టి చూశాను. 1.195 దాకా వచ్చి ఆగింది. ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత మాత్రమే ముందు పోయాలి, మిగతాది ఛార్జింగు అయ్యాకే. ముందే నిండా పోస్తే ఛార్జింగులో యాసిడ్ పొంగి పైకి వస్తుంది, ఆ తడే లగ్గుల్ని తినేది.

ఒక్క బ్యాటరీ మార్చాలి, సరే. కొత్తది కొని పెట్టడం సరైన పని కాదు. పాత ఐదింటి మధ్య కొత్తది పెడితే ఛార్జరుకు ఆరూ ఒక్కటే. అన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒకే కరెంటు అన్నిట్లో పారుతుంది. కొత్తది, పాతవి ఒకేసారి నిండవు, ఒకేసారి ఖాళీ కావు. కొత్తది తొందరగా పాతదాని స్థాయికి దిగిపోతుందని అనుభవం ఉన్నవాళ్లు చెప్పే మాట, దాంతో నేనూ ఏకీభవిస్తాను. మా అదృష్టం, యాక్సిడెంటై మూలన పెట్టిన బండి ఒకటి ఉంది, అదే ఏడాది కొన్నది, అదే రకం బ్యాటరీలు. వాటిలో మంచిది ఏరడానికి మళ్లీ ఛార్జింగు, హైడ్రోమీటరు, గుట్ట. ఒకటి 7.6 నిలబెట్టింది. దాన్ని నాలుగో చోట పెట్టాను.

కంట్రోలరు దగ్గర 44.8. సాయంత్రం కూడా నలుగురితో ఎక్కింది. ఆ తర్వాత వర్షాకాలం మొత్తం ఆ బండికి 23 రాలేదు, 17 అసలే లేదు. డీలరు ఇచ్చిన కొటేషను మేనేజరు గారి ఫైల్లోనే ఉంది. బ్యాటరీలు ఎలాగూ ఒకరోజు మొత్తం మార్చాల్సిందే, వాటి వయసు నాకు తెలియనిది కాదు. ఆ రోజు లగ్గు కోసం రాకూడదన్నదే నా పట్టుదల.

టెక్నీషియన్ మళ్లీ వచ్చినప్పుడు రీడింగుల కాగితం చూపించాను. అతను తన చేతి ప్రోగ్రామరు అనే పరికరం కంట్రోలరుకు తగిలించి లోపల దాచిన పాత కోడ్‌ల చరిత్ర చూపించాడు. ఏ కోడ్ బండి ఎన్ని గంటలు తిరిగాక వచ్చిందో అందులో ఉంటుంది. కదులుతున్నప్పుడు కెపాసిటర్ల వోల్టేజీ ఎంతుందో కూడా ఆ తెర మీద నేరుగా చదవొచ్చు. నేను క్లిప్పులు, ఫ్యూజులు పెట్టుకుని పడిన పాట్లలో సగం అది ఒక్కసారి తగిలించి గుట్ట ఎక్కితే తప్పేవి. మొదటిసారి వచ్చినప్పుడు అతను బండిని షెడ్డు దాటనివ్వలేదు.

ఇప్పుడు ప్రతి బండి డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటు పుస్తకం ఉంది. కోడ్ వస్తే డ్రైవరు నంబరుతో పాటు బండి ఎక్కడ ఉంది, ఎంతమంది ఉన్నారు, వాన పడుతోందా, ఛార్జింగు గీతలు ఎన్ని ఉన్నాయి అన్నవి రాయాలి. మొదట్లో గొణిగారు, ఇప్పుడు రాస్తున్నారు. నీళ్లు పోసే కుర్రాడికి వంకర ముక్కు ఉన్న డబ్బా కొనిచ్చాను, ఛాసిస్ పట్టీ కింది మూత కూడా అందుతుంది. చెడిపోయిన బ్యాటరీని పాత సామాన్లవాడికి వేయలేదు. మొత్తం సెట్టు మార్చే రోజున ఎక్స్ఛేంజ్ కింద డీలరే తీసుకోవాలి కాబట్టి, మూతలు బిగించి, మీద తేదీ రాసి, షెడ్డులో చెక్క పలక మీద పెట్టి ఉంచాం.